మట్టి కారు మీద గుద్దు

బావా,

ఇది చదివి చింపెయ్యి, అక్క కంట పడనివ్వకు.

మన కంపెనీ రేసు కారుకు వెనక తలుపు పెట్టి హ్యాచ్‌బ్యాక్ చేస్తున్నారని తెలిసిన రోజు, "గుర్రాన్ని గాడిదను చేశార్రా!" అంటూ మట్టితో చేసిన నమూనా కుడి చక్రం పైన ఒక్క గుద్దు గుద్ది, ఉద్యోగం మానేసి పోయావు. ఆ సొట్టను నున్నగా పూడ్చాల్సింది నేను. నువ్వు వెళ్ళిపోయిన బెంగతో నాకు చేతులాడలేదు. మర్నాడు కొలతలవాళ్ళు సొట్టతో సహా కొలుచుకుపోయి, కొత్త కారును అలాగే తయారుచేశారు.

నిన్న పాత కారు ఉన్నవాళ్ళను పిలిచి, కొత్తది చూపించి అభిప్రాయాలు అడిగారు. వెనక తలుపును తిట్టనివాళ్ళు లేరు. ఒక పెద్దాయన మాత్రం ఆ సొట్టను నిమిరి, "ఇక్కడొక్కచోటే మన పాత కారు కనిపిస్తోంది" అన్నాడు. అందరూ వంత పాడారు. "ఎవరి పనితనం ఇది?" అని పెద్దసారు అడిగితే, నాదేనని నోరు జారాను.

ఇప్పుడు ఎడమవైపు కూడా అలాంటిదే కావాలట, సోమవారం పదింటికి, ఆయన కళ్ళముందే. పొద్దుట్నుంచి మట్టి మీద పదిహేడుసార్లు గుద్దాను బావా. పిడికిలి వాచింది గానీ ఒక్కటీ నీదిలా రాలేదు.

నిజం నేనే చెప్పేస్తాను. గుద్దడానికి మాత్రం నువ్వే రావాలి. వచ్చి, ఆ వెనక తలుపును ఒకసారి చూసుకుని మరీ గుద్దు.

నీ బావమరిది