చెల్లి నిలబడే మూల

చెల్లాయికి అక్క దీవెనలు.

నువ్వు ఆ ఊరి ఆస్పత్రిలో నర్సుగా చేరావు, సంతోషం. మరి మన కుట్టు కార్ఖానా ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టీము గతేం కావాలి? ఆదివారం మళ్ళీ ఓడాం. ఇన్నాళ్ళూ గోల్ అంటే నువ్వే కదా! ఇప్పటికీ బంతి దొరికితే చాలు, అందరూ అలవాటుకొద్దీ నువ్వు నిలబడే ఎడమ మూలకే తంతున్నారు. అక్కడెవరున్నారు, నా తలకాయ! బంతి బయటికి దొర్లిపోతుంటే నడుం మీద చేతులేసుకుని చూస్తారు. గోల్ దగ్గర నిలబడి నేను గొంతు చించుకున్నా వినే దిక్కు లేదు. ఒక్క మ్యాచికైనా వచ్చిపోవే.

ఇట్లు,
గొంతు బొంగురుపోయిన అక్క

తా.క.: అవతలి టీము మనకన్నా ఘనం. ఆ ఖాళీ మూలకి ఇద్దర్ని కాపలా పెట్టింది.

*

అక్కకి నమస్కారాలు.

నేను క్షేమం. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నా. గోల్స్ కోసమే అయితే నేనెందుకు? గుండీలు కుట్టే వదినని ఆ మూలన నిలబెట్టు. నా బూట్లు పార్సిల్లో పంపుతున్నా. నాకు సెలవు దొరకదు.

ఇట్లు,
నీ గోల్స్ మిషను

తా.క.: బూట్లు వదులైతే ముందు దూది కుక్కమను. దూదీ పంపాను. ఆస్పత్రిది కాదు, కొన్నదే.

*

అమ్మా మహాతల్లీ,

నిన్ను రమ్మంటే బూట్లు పంపుతావా? పార్సిల్ విప్పగానే ఏడుపొచ్చింది. కోపంతోనేలే, నువ్వేం పొంగిపోకు. ఆట అవగానే బురద కాళ్ళు నా ఒళ్ళో పడేసి లేసులు విప్పమనేదానివి. నా చీరలన్నీ ఈమధ్య శుభ్రంగా ఉంటున్నాయి. చూస్తే ఒళ్ళు మండుతోంది.

మళ్ళీ ఓడాం. చిత్తుచిత్తుగా ఓడాం. నువ్వొస్తే తప్ప ఈ టీము బతకదు. వచ్చే ఆదివారమే ఫైనలు. తప్పకుండా రా.

ఇట్లు,
నీ మీద అలిగిన అక్క

తా.క.: బూట్లు వదినకి అతికినట్టు సరిపోయాయి. దూది నా చెవుల్లో పెట్టుకున్నా. ఆవిడ గోల్ వేసినప్పుడల్లా వీళ్ళ కేకలు భరించలేకపోతున్నాను.

*

అక్కా,

ఆడిన ప్రతి ఆటా ఓడిన టీము ఫైనలుకెలా వెళ్ళిందే? వదిన గోల్ మీద గోల్ వేస్తుంటే చెవుల్లో దూది పెట్టుకుని మరీ ఓడిపోతున్నావా?

ఉత్తరం చదివి వార్డులో పగలబడి నవ్వాను. తర్వాత మందుల గదిలోకెళ్ళి కరువుతీరా ఏడ్చాను. నీకు కావలసింది గోల్సే అనుకుని ఇన్నాళ్ళూ మూతి ముడుచుకు కూర్చున్నా. 'నువ్వు లేక తోచట్లేదే' అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? సరేలే, నేను మాత్రం రాశానా? నాకూ ఇక్కడ తోచట్లేదక్కా. అన్నం ముందు కూర్చుంటే నువ్వే గుర్తొస్తావు.

పెద్ద నర్సమ్మ కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకున్నా. శనివారం బస్సుకి వస్తున్నా. ఫైనల్లో వదిననే ఆడనీ. నేను నీ గోల్ వెనకాలే కూర్చుంటా. బంతి అటున్నంతసేపూ కబుర్లు చెప్పుకుందాం.

ఇట్లు,
నీ చెల్లి

తా.క.: ఇక్కడి ఆస్పత్రి టీములో నేను గోల్‌కీపర్ని. వెనక్కి తిరిగితే నీ చోట ఇంకెవరో కనబడుతుంటే చూడలేక, నేనే వెళ్ళి నిలబడ్డాను. మొన్న తొమ్మిది గోల్స్ వదిలేశాను. మనవాళ్ళకి చెప్పావో, ఊరుకోను.