పొద్దెక్కేదాకా లేవకూడని రోజు

ఇర్వింగ్,
జూన్ 22, 2025

ప్రియమైన రాహేలత్తకు,

ప్రభువు కృపవల్ల సామ్యూల్, నేను, అబిగేల్ క్షేమం. నీ మోకాళ్ళ కోసం రోజూ ప్రార్థిస్తున్నాం. ఫోన్‌లో నా మాట నీకు సగమే వినపడుతుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మా తెలుగు సంఘం కూడుకునేది ఒక నల్లజాతివాళ్ళ చర్చిలో కదా. మొన్న గురువారం వాళ్ళు జూన్‌టీన్త్‌కి మమ్మల్ని పిలిచారు. బానిసలకు విడుదల వచ్చిందన్న కబురు ఈ టెక్సస్‌కి ఏళ్ళు ఆలస్యంగా చేరిన రోజట అది. మా పాస్టర్‌గారు దాన్ని, పోయినవాళ్ళకు పెట్టినట్టు, జ్ఞాపకార్థ కూడిక అని ప్రకటించారు. ఇంకేముంది, ఆడవాళ్ళమంతా తెల్లచీరలు కట్టుకుని, ముఖాలు వేలాడేసుకుని వెళ్ళాం. తీరా చూస్తే బ్యాండు, ఎర్ర చొక్కాలు, ఎర్ర సోడా, పుచ్చకాయ ముక్కలు. అంత ఆలస్యంగా వచ్చిన కబురుకి ఏడవాలో ఎగరాలో నాకు తెలియలేదు. మా ఆయన సామ్యూల్ మాత్రం రెండో ప్లేటు పట్టుకున్నాడు.

ఆ చర్చి పెద్దావిడ లొరెట్టాగారు, మీ వాళ్ళ విడుదల రోజు ఎప్పుడని అడిగింది. ఆగస్టు పదిహేను అన్నాను. అది దేశానిది, నేనడిగేది మీ ఇంటిది అంది. మా ఇంట్లో అందరూ టీచర్లే, అలాంటి రోజేం లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. ఇంటికొచ్చాక అబిగేల్ కూడా అదే అడిగింది. నిన్నడిగి చెబుతానని కూతురితో అన్నాను.

ఎందుకో నాయనమ్మ గుర్తొస్తోంది. మృగశిరలో, బడులు తెరిచిన వారంలో ఒక రోజు పొద్దెక్కేదాకా ఎవర్నీ చాప మీంచి లేవనిచ్చేది కాదు. తనేమో కళ్ళు తెరుచుకునే పడుకునేది. ఏటా ఆ రోజు బడికి ఆలస్యమై దెబ్బలు తినేవాళ్ళం. చాదస్తమనేది అమ్మ. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు అంతుపట్టడం లేదు. నీకు తెలిస్తే రాయి.

నీ మేనకోడలు,
దెబోరా

చాండ్లర్,
జూన్ 28

చిరంజీవి దెబోరాకు అత్త దీవెనలు.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఇక్కడి ఎడారి ఎండ బెజవాడను మరిపిస్తోంది. మీ తెల్లచీరల సంగతి చదివి నవ్వలేక చచ్చాను. అబిగేల్‌కి నా ముద్దులు.

ఇట్లు,
రాహేలత్త

తా.క. నువ్వడిగింది రాయకుండానే కవరు అంటించి, మళ్ళీ చించాను. మీ తాత పాలేరు. ఆయన తండ్రీ పాలేరే. కోడి కూయకముందే కామందు దొడ్లో పేడ తీయాలి. ఒక మృగశిరలో, కామందు మనిషి గుమ్మంలో నిలబడి కేకలేస్తుంటే మా నాన్న లేవలేదు. మా అమ్మ, అదే మీ నాయనమ్మ, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంది. పక్కన నేనూ ఉన్నాను. అలాగే పొద్దెక్కింది. నాన్న ఇంకెప్పుడూ ఆ దొడ్డికి పోలేదు. పిల్లలకు చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుంది అమ్మ. ఆ రోజును మాత్రం మానలేకపోయింది.

లొరెట్టాగారికి మాకూ ఆ రోజు ఉందని చెప్పు. సోడాలు తాగం, నిద్రపోతాం అని చెప్పు.