మూత విప్పని ఆరు సీసాలు

లక్డారం,
శనివారం పొద్దున.

అనసూయక్కకు,

నీ చెల్లెలు స్వరూప దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మమత వేళకు ఇంత తింటోందా? బుడ్డది పాలు బాగా తాగుతోందా? ఫోటోలో దాని ముక్కు అచ్చం నీ ముక్కే.

మమతా, ఈ ఉత్తరం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. పని ఉందని మధ్యలో లేస్తే కొంగు పట్టుకుని ఆపు.

అక్కా, ఐదు రోజులుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. బావ ఎత్తి, అక్కాచెల్లెళ్ల పంచాయితీలో తనను ఇరికించొద్దని పెట్టేశారు. చివరికి మమతే, తను చెప్తే నువ్వు వినవని ఉత్తరం రాయమంది, చదివి వినిపిస్తానంది. సోమవారం నువ్వు ఎత్తినప్పుడు ఏడుపు గొంతుతో, నేను పంపిన చిక్కుడు గింజల సీసాలు తెరవొద్దని మాత్రమే చెప్పగలిగాను. ఎందుకో చెప్పేలోపే నీకు కోపం వచ్చింది. "ఇచ్చినంక మళ్ల వద్దంటే ఎట్లనే? బుడ్డదాన్ని తొట్టెలల ఏసే నాడు ఎండకాలంల చిక్కుడుగింజల కూర పెడ్తనని వాడకట్టంత చెప్పుకున్న" అన్నావు. నీ కోపంలో తప్పు లేదు. అయినా ఈసారి మొత్తం వినాలి, అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

మా గది మేడ మీద ఒంటరిగా ఉంటుందని చెప్పాను కదా. ఈ ఎండలకు పైకప్పు పెనంలా కాలుతోంది. మీ మరిదికి షిఫ్టు వారం వారం మారుతుంది, ఒక్కోసారి ఇద్దరం కలిసి తిని నాలుగు రోజులవుతుంది. పచ్చళ్ల కంపెనీలో నాతో పనిచేసేవాళ్లలో సగం మంది ఒడిశా ఆడవాళ్లు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు, వచ్చీ రాని హిందీలో నవ్వుకుంటాం. మంచివాళ్లే. కానీ పొద్దంతా ఒక్కరూ "తిన్నవా" అని మన మాటలో అడగకపోతే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు.

పోయిన చలికాలం నువ్వు సంచెడు చిక్కుడుకాయలు పంపావు. ఇద్దరం ఎంతని తింటాం? ముదురు కాయల గింజలు వొలిచి, సగం నీలాగే పాత చీర పరిచి మేడ మీద ఎండబోశాను. పాశమైలారం కంపెనీల వైపు నుంచి గాలి తిరిగింది. మూడో రోజుకు చీర మీద సన్నటి నల్లటి నుసి, గింజలకు మందు వాసన. కడిగినా పోలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని పారబోశాను.

మిగిలిన సగం దగ్గర నా తెలివి పనిచేసింది. కంపెనీలో నా పని ఏమిటంటే, టమాటా పచ్చడి వేడివేడిగా నింపి బిగించిన సీసాలు చల్లారేటప్పుడు చూస్తుండడం. మూత నడుమ టక్కుమని లోపలికి దిగితే సీసా మంచిది. దిగకపోతే పక్కన పెట్టాలి. రోజూ వందల టక్కులు వింటాను. అది దిగితే చాలు, లోపల ఏమున్నా నిలవ ఉంటుందనుకున్నాను. గింజలు ఉడికించి, ఉప్పునీళ్లతో ఎనిమిది సీసాలు నింపి, స్నానాల నీళ్లు కాచే పెద్ద గిన్నెలో గంటసేపు మరిగించాను. ఎనిమిది మూతలూ దిగాయి. "ఇగ కంపెనీ పెట్టుడే తక్కువ" అన్నాడు మీ మరిది.

నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. మమత పెళ్లికి నేను పెట్టిన మామిడికాయ తొక్కు బూజు పట్టిందని నువ్వు ఇప్పటికీ నవ్వుతావు కదా. ఈసారి నవ్వకుండా చేయాలనుకున్నాను. ఆరు సీసాలు బావ వచ్చినప్పుడు పంపాను, రెండు ఉంచుకున్నాను.

పోయిన ఆదివారం మా రెండింటిలో ఒకటి తెరిచి వండుకుని తిన్నాం. సోమవారం కంపెనీలో అన్నం దగ్గర గొప్పగా చెప్తుంటే పక్కనే ఉన్న, పచ్చళ్లు పరీక్షించే ల్యాబ్ మేడం తినడం ఆపేసింది. చిన్న పిల్ల, మన మమత ఈడుది, సంగారెడ్డి అమ్మాయి. నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పింది.

"టమాటకు, మామిడికాయకు పులుపు ఉంటది అక్కా, గది కాపాడుతది. చిక్కుడు గింజకు పులుపేది? ఎంత మరగవెట్టినా సావని పురుగొకటి ఉంటది. గాలి లేని జాగల్నే గది పెరుగుతది. మూత దిగిందంటె మీరు దానికి ఇల్లు కట్టిచ్చినట్టే."

కంటికి కనిపించదట. అన్నిసార్లూ వాసన రాదు, రుచి మారదు. దాని విషం ఎక్కితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆగిపోతుంది. అలాంటివి నిలవ పెట్టాలంటే ఆవిరి ఒత్తిడితో కాచే పెద్ద యంత్రం కావాలట. తినేముందు మళ్లీ కాచుకుంటే పోదా అని నేనూ అడిగాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో అలాంటి ధైర్యం చేయొద్దంది. మా దగ్గర మిగిలిన సీసాను మర్నాడు తనే చేతితొడుగులు వేసుకుని తీసుకుపోయింది.

మరి మీరు తిన్నారు కదా, ఏం కాలేదు కదా అంటావు. ఆ సంగతి దాచితే నువ్వు తేలిగ్గా నమ్మేదానివి, కానీ నీతో అబద్ధం ఆడలేను. ఏమీ కాలేదు. కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండమని, ఏ కాస్త తేడా వచ్చినా ఆస్పత్రికి పరుగెత్తమని మేడం చెప్పింది. అందుకే రోజూ పొద్దున మీ మరిదిని గోడ ముందు నిలబెట్టి క్యాలెండర్లో తిథులు చదివిస్తున్నాను. గొంతు తడబడితే మళ్లీ మొదటి నుంచి చదివిస్తాను. ఆయనకు నవ్వులాట, కావాలనే నత్తిగా చదువుతాడు. నిన్న నేను ఏడిస్తే మానేశాడు. ఒక్క సీసాకు ఇట్లా ఉంది, నీ దగ్గర ఆరున్నాయి. వాడకట్టంతా కూర్చుని తింటుంటే నేను ఎవరెవరి కళ్ళు చూడను?

కాబట్టి అక్కా, మూతలు విప్పకుండానే సంచిలో కట్టి, బావకు చెప్పి బావికి దూరంగా లోతుగా గుంత తీయించి పూడ్పించు. గొడ్లకు పెట్టకు, కోళ్లకు వేయకు. సీసాలు బాగున్నాయి, కడిగి వాడుకుందామనుకోకు, నీ సంగతి నాకు తెలుసు. మూత ఉబ్బినా, తడి కారినా ముట్టుకోకుండా నాకు ఫోను చేయించు. నలుగురు అడిగితే నా పేరే చెప్పు. స్వరూపకు నిలవ పెట్టడం ఇంకా రాలేదని నవ్వుకోండి.

ఇంకొక మాట. నిరుడు మేము ఊరు విడిచిన నాడు నువ్వు ఎండు చిక్కుడు గింజలు పాత చీర ముక్కలో మూట కట్టి ఇచ్చావు. కంపెనీల ఊరికి పోతూ ఈ మూట ఏమిటని సిగ్గుపడి, పెట్టె అడుగున పడేసి మరిచిపోయాను. నిన్న పొద్దున తీశాను. నువ్వు మధ్యలో వేసిన వేపాకు పొడి పొడి అయింది గానీ గింజకు ఒక్క పురుగు లేదు. మూడు కిలోల దాకా ఉన్నాయి. ఇవి తినొచ్చా అని మేడంకు చూపించాను. ఎండిన దాంట్లో ఆ పురుగు పెరగదని, నిశ్చింతగా వండుకోమని చెప్పి, ఎవరు ఎండబెట్టారని అడిగింది. మా అక్క అన్నాను.

తొట్టెలకు ముందు రోజు పొద్దున్నే మూటతో దిగుతాను, రాత్రికి నానబోయాలి కదా. వాడకట్టుకు నువ్వు ఇచ్చిన మాట పోదు. సీసాలు పూడ్చామని మమత ఫోనులో ఒక్క ముక్క పంపితే చాలు, అప్పటిదాకా నాకు ముద్ద దిగదు.

ఉత్తరం మీ మరిది స్నేహితుడి చేతికి ఇస్తున్నాను. వాడకట్టులో పెద్దలందరికీ నా దండాలు. బుడ్డదానికి ముద్దులు. నన్ను తిట్టుకున్నా సరే, నాలుగు దీవెనలు కూడా పెట్టు.

మూట ముడి విప్పడానికి నాకు అరగంట పట్టింది అక్కా. అంత గట్టిగా కట్టావు.

నీ చెల్లెలు,
స్వరూప