ఎదురెదురు బంతులు

గద్వాల,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రెబెకాకి,

నీకు ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. ఫోన్లో అయితే నీ గొంతులో కోపం వినపడగానే నేను మాట మార్చేస్తాను. యూనివర్సిటీ హాస్టల్ వదిలాక మనిద్దరికీ మిగిలిన మంచి అలవాటు ఈ ఉత్తరాలొక్కటే. అందుకే కాగితం మీద చెబుతున్నాను. చివరిదాకా చదివాకే తిట్టు.

నిన్న మా ఓనర్ రాఘవేందర్ సారు నన్ను గదిలోకి పిలిచారు. మా పత్తి విత్తనాల ప్లాంటులో గింజలు ఏరే ఆడవాళ్ళు సంఘం పెట్టుకోవాలనుకుంటున్నారని, వనపర్తిలో ఉండే రెబెకా అనే ఆవిడ వాళ్ళకి దారి చూపిస్తోందని ఆయనకి తెలిసింది. ఆ రెబెకా, నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్ళమని మాత్రం తెలియదు.

వచ్చే శనివారం పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి సంఘం వద్దని చెబుతారట. ఆఫీసు కాగితాలన్నీ రాసేది నేనే గనక ఆ ప్రసంగమూ నేనే రాయాలి. "బెదిరించినట్టు ఒక్క మాట ఉండొద్దు మేడం. వకీలు గట్టిగ చెప్పిండు. నా మనసుల ఉన్నది చెప్పుకుంట, గంతే. మీరు తెలుగు ఎమ్మే గద, జర కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు రాయుండ్రి" అన్నారు.

ఆయన దుర్మార్గుడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కిందటేడు ఒకామెకి నొప్పులొస్తే తన కారులో తనే దవాఖానకి తీసుకెళ్ళిన మనిషి. తన అభిప్రాయం చెప్పుకునే హక్కు ఆయనకి లేదని నేను ఎలా అనగలను? కానీ మీ పెద్దమ్మ కూతురు చిన్నమ్మ ఏం తప్పు చేసింది? నూగు పోయేలా ఆసిడ్‌తో కడిగిన విత్తనాన్ని వాళ్ళ బల్లల పక్కనే ఆరబోస్తుంటే కళ్ళు మండుతున్నాయని, కాస్త దూరంగా ఆరబోయమని అడిగింది. మర్నాటి నుంచి రావద్దని మేస్త్రి మహిపాల్ చెప్పేశాడు. ఆమె మానేసిందని నాకు చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు.

రాస్తానని అనలేదు, రాయనని అనలేదు. నేను ఊరుకుంటే ఆయన ఒప్పుకున్నాననుకున్నారు. ఏం చేయమంటావో చెప్పు. వానలు రాకముందే సోమశిల వెళ్ళి కృష్ణలో పడవెక్కుదామన్న మాట అలాగే ఉందా?

నీ అనుమానాల పుట్ట,
సుహాసిని

*

వనపర్తి,
బుధవారం

సుహా,

ముందు 'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కొట్టేసింది నీకు కనపడాలనే వేరే కాగితం తీసుకోలేదు.

మీ సారు మాట్లాడొచ్చు. ఎవరు కాదన్నారు? అయితే ఆయన మాట్లాడుతుంటే మధ్యలో లేచి బయటికి నడిచే హక్కు ఆ ఆడవాళ్ళకి ఉందా? రేపు నీకు పని ఉందో లేదో చెప్పగలిగిన మనిషి ఎదురుగా నిలబడి 'నా మనసు నొచ్చుకుంది' అంటే, ఆ మాట వినేవాళ్ళ కడుపులో ఎక్కడ తగులుతుందో నీకు తెలియదా? బెదిరింపు లేకుండా రాయమన్నాడని సంబరపడుతున్నావు. బెదిరింపు ఆ కాగితంలో ఉండక్కర్లేదు సుహా. చిన్నమ్మక్క ఖాళీ బల్ల చాలు.

అక్క ఇంట్లోనే కూర్చుని ఉంది. నిన్న వెళితే ఒకటే మాట: "నేనేమన్న ఎక్కువడిగిన్నా? కండ్లు మండుతున్నయ్ అన్న. గంతే గద." సంఘం నిలబడితే మొదట అడిగేది ఆమెని తిరిగి తీసుకోమనే. నిలబడకపోతే ఆమె పేరు ఎత్తడానికి కూడా ఎవరూ మిగలరు.

నిలబడేలా లేదు. పాత షెడ్డులో అయిజ వైపు వాళ్ళు, కొత్త షెడ్డులో ఆత్మకూరు వైపు వాళ్ళు. ఆటోలు వేరు, గేట్లు వేరు, అన్నం గంటలు కూడా వేరు. ఆత్మకూరు వాళ్ళు సంఘం వద్దన్నారని, మీరు కదిలితే మీ బల్లలు వాళ్ళకిచ్చేస్తామని మహిపాల్ అయిజ వాళ్ళకి చెప్పాడు. ఆత్మకూరు వాళ్ళకి అదే మాట తిప్పి చెప్పాడు. నేను అక్కడికి పోయి అబద్ధమంటాను, ఇక్కడికి వచ్చి అబద్ధమంటాను. "వాళ్లే వద్దంటుంటె మేమెందుకు ముంగట పడాలె" అంటారు. వాళ్ళకి నేను బయటిదాన్ని. పనివాళ్ళలో పదో వంతు చేరితేనే సంఘం రిజిస్టరవుతుంది. అందులో సగం మంది కూడా ముందుకు రాలేదు. అన్నం గంటలు వేరు చేసిందెవరో నీకు తెలిసే ఉంటుంది.

ఏం చేయాలో నన్నడగకు. నేను చెబితే చేస్తావు, చేసి జీవితాంతం రెబెకా చెప్పిందంటావు. సోమశిల వద్దు. అక్క అలా కూర్చుని ఉండగా నీతో పడవెక్కి నవ్వలేను. ఆ ప్రసంగం అయ్యేదాకా ఉత్తరాలు కూడా వద్దు.

రెబెకా

*

గద్వాల,
శుక్రవారం

రెబెకా,

వద్దన్నా రాస్తున్నాను. చించేసినా సరే.

అన్నం గంటలు వేరు చేసిన నోటీసు టైపు చేసింది నేనే. కుళాయి దగ్గర రద్దీ అని మహిపాల్ చెబితే నమ్మాను. నీ ఉత్తరం చదివేదాకా ఆ నోటీసు సంగతే మర్చిపోయాను.

ప్రసంగం రాశాను. బాగా వచ్చింది. నా భయమే అది. 'ఈ రెండు షెడ్లూ నా ఇంట్లో రెండు గదులు. ఇంట్లోవాళ్ళం మాట్లాడుకోవడానికి మధ్యన బయటివాళ్ళు ఎందుకమ్మా?' అని ఒకచోట ఉంటుంది. సారు చదువుతూ అక్కడ ఆగి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ బయటి మనిషివి నువ్వేనని తెలిసే రాశాను. రాస్తున్నప్పుడు ఒక్క మాట కొట్టేయలేదు. ఇప్పుడు నీకు రాస్తుంటే ప్రతి మాటా కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను.

చివర్లో నా అంతట నేను ఒక్క వాక్యం చేర్చాను: 'నేను చెప్పవలసింది చెప్పాను, ఇక మీరు చెప్పండి.' కొట్టేస్తారనుకున్నాను. "ఉండనియ్యి మేడం, పెద్దమనిషి తీరుగ ఉంటది. ఎట్లన్న ఎవ్వరు లేవరు" అన్నారు.

ప్రసంగమయ్యాక భోజనాలు. రెండు షెడ్లనీ ఒకేసారి పిలవద్దని, ఇన్నేళ్ళలో ఎన్నడూ కలపలేదని మహిపాల్ గొణిగాడు. ఒకే కుటుంబమంటూ రెండుసార్లు ఎట్లా చదవాలని సారు అతన్ని కసిరారు. వంటమనిషిని మాత్రమే మాట్లాడాం. వడ్డించడానికి మనుషులు లేరంటే, మన వైపు పెళ్ళిళ్ళలో ఎదురెదురు బంతులని ఒకరికొకరు వడ్డించుకున్నట్టే చేద్దామన్నాను. ముందు అయిజ వాళ్ళు బంతిలో కూర్చుంటే ఆత్మకూరు వాళ్ళు వడ్డిస్తారు, తర్వాత వీళ్ళు లేచి వాళ్ళకి వడ్డిస్తారు. ఫోటో కూడా బాగుంటుందన్నాను. సారుకి నచ్చింది.

రేపు సాయంత్రానికి నువ్వు నాతో మాట్లాడతావో లేదో తెలియదు.

సుహాసిని

*

గద్వాల,
శనివారం సాయంత్రం

రెబెకా,

అయిపోయింది. నువ్వు ఓడిపోయావనుకుంటాను. అలాగైతే గెలిచింది నేనే, నా నోరు చేదుగా ఉంది.

షామియానా కింద ఇటు అయిజ వాళ్ళు, అటు ఆత్మకూరు వాళ్ళు, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. చిన్నమ్మ బల్ల ఎవరూ తీయలేదు, షెడ్డులో అలాగే ఉంది. సారు చాలా బాగా చదివారు. రెండు గదుల మాట దగ్గర కొంతమంది కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. 'ఇక మీరు చెప్పండి' అని కాగితం మడిచారు. అప్పుడు ఆత్మకూరు వైపు నుంచి సత్యమ్మ లేచింది. కొత్త షెడ్డులో అందరికంటే పెద్దావిడ, ఎవరినైనా ఆటపట్టించే మనిషి.

"ముందుగాల అన్నం పెట్టుండ్రి సారు. తిన్నంక మాట్లాడుతం" అంది.

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వారు. అంతటితో సరి. బంతులు వేశారు, వడ్డించారు, ఒకటే గోల. ఆ గోలలో నిలబడలేక నేను ఆఫీసులోకి వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాను. తిన్నాక ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చేతులు కడుక్కుని ఎవరి ఆటోలు వాళ్ళెక్కారు. సారు నాకు చేయెత్తి నమస్కారం పెట్టారు. సంఘం సంగతి ముగిసిందని ఆయన నమ్మకం.

సత్యమ్మ వెళ్తూ వెళ్తూ నాకోసం విస్తరిలో అన్నం తెచ్చింది. "మీరు ఏ షెడ్డు మేడం?" అని అడిగింది. ఆఫీసన్నాను. "అట్లనా" అని నవ్వి పోయింది. ఆ అన్నం నేను తినలేకపోయాను.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. అది కూడా తేల్చుకోలేదు. చిన్నమ్మ ముందుకి ఏ మొహం పెట్టుకుని రాను?

సుహాసిని

*

వనపర్తి,
ఆదివారం రాత్రి

ప్రియమైన సుహా,

ఈసారి కొట్టేయలేదు, చూసుకో.

నీ శుక్రవారం ఉత్తరం అందింది. చించలేదు. శనివారం నాటిది ఇంకా రాలేదు కానీ అందులో ఏముంటుందో ఊహించగలను. ప్రపంచం మునిగిపోయిందని రాసి ఉంటావు.

బంతిలో ఏం జరిగిందో సత్యమ్మ చెప్పింది, విను. తను ఒక అయిజ ఆవిడ విస్తరిలో పప్పు పోస్తూ, గరిటె చేతిలో ఉండగానే అడిగేసిందట: "మీరంత సంఘం వద్దన్నరంట గద. మా బల్లలు మీకిస్తరంట గద." ఆ అయిజ ఆమె ముద్ద కింద పెట్టి, "మేమెప్పుడన్నం? వద్దన్నది మీరు గద" అందట. సత్యమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. మహిపాల్ పేరు ఇద్దరి నోట్లోంచీ ఒకేసారి వచ్చిందట. ఇక అక్కడినుంచి ఆ మాట విస్తరి విస్తరికీ పాకింది. పప్పు ఆ చివరికి చేరకముందే మాట చేరిపోయిందట. బంతులు మారి అయిజ వాళ్ళు వడ్డించడానికి లేచేసరికి, ఎప్పుడు సంతకాలు పెడదామన్నదే మిగిలింది. నేను ఎండలో ఊరూరూ తిరిగి చెప్పినా నమ్మని సంగతి ఒక గరిటె పప్పుతో తేలిపోయింది.

నిన్న భోజనాలు కాగానే సత్యమ్మ వాళ్ళు ఫోన్ చేశారు. నిన్న ఆత్మకూరు, ఇవాళ అయిజ తిరిగి ఇప్పుడే వచ్చాను. కావలసినవాళ్ళకంటే ఎక్కువమందే చేరారు. మా అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ ఆ సంగతి నీకు చెప్పకూడదని అనుకున్నాను.

రేపు పొద్దున వాళ్ళేం చేస్తారో నాకు తెలుసు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నీకూ తెలిసి ఉంటుంది.

ఒకటే అడుగుతాను. ఎదురెదురు బంతులు వేయించింది నువ్వు. తెలిసే చేశావా?

నీ రెబెకా

*

గద్వాల,
గురువారం

ప్రియమైన రెబెకాకి,

సోమవారం రెండు షెడ్ల వాళ్ళూ ఒకే గేటులోంచి వచ్చారు. మధ్యలో చిన్నమ్మ. వచ్చి ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడ్డారు, కూర్చోలేదు. మహిపాల్ అరిచాడు. ఎవరూ కదల్లేదు. వానలు రాకముందే విత్తనం లారీలెక్కాలి. లారీలు వచ్చి బయట నిలబడి ఉన్నాయి. సారు పరుగున వచ్చారు.

"ఏందమ్మా ఇది?" అన్నారు.

"మీరే మాట్లాడుమంటిరి గద సారు. తిన్నంక మాట్లాడుతమని చెప్పినం. గిప్పుడు మాట్లాడుతున్నం" అంది సత్యమ్మ. "చిన్నమ్మ కూసున్నంక మేం కూసుంటం."

సారు నా వైపు చూశారు. ఆ చూపుకి నేను తల దించుకోలేదు, ఎందుకో. ఆయన వకీలుతో చాలాసేపు ఫోన్లో మాట్లాడారు. వాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు, ఎవరూ నినాదం కూడా ఇవ్వలేదు. చివరికి బయటికి వచ్చి, "కూసోమను మేడం" అన్నారు నాతో. ఆ మాట చిన్నమ్మకి నేనే చెప్పాను. ఆమె కొంగుతో బల్ల మీద దుమ్ము తుడుచుకుని కూర్చుంది. అందరూ కూర్చున్న చప్పుడు ఒక్కసారిగా వచ్చింది. ఆ చప్పుడు నీకు వినిపించాలని ఎంతగా అనిపించిందో.

ఆసిడ్ విత్తనం ఇప్పుడు గోదాము వెనక ఆరుతోంది. రిజిస్ట్రేషన్‌కి ఇంకా టైం పడుతుందని నీకు తెలుసు. మహిపాల్ నాతో మాట్లాడటం లేదు, అదొక సుఖం. సారు మాత్రం నిన్న చాయ్ తాగుతూ, "సంఘం వద్దని చెప్పనీకె భోజనం పెట్టిన. గా భోజనంలనే సంఘం పుట్టింది. మీ ఉపన్యాసం ఎవ్వరికి యాదికి లేదు మేడం, పప్పు మాత్రం బాగుండెనంట" అన్నారు. కోపంగానే అన్నారు, కానీ సగంలో నవ్వొచ్చింది ఆయనకి. అప్పుడు నువ్వు నా స్నేహితురాలివని చెప్పేశాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆమెను గూడ ఒక్కపారి భోజనానికి పిలువుండ్రి. సంఘం అయినంక ఎట్లన్న పిలువాల్సిందే అయితది ఇగ" అన్నారు.

నీ ప్రశ్నకి వస్తాను. తెలిసే చేశానంటే నీ దగ్గర నా పరువు పెరుగుతుంది. తెలియక చేశానంటే సారు దగ్గర నిజాయితీ మిగులుతుంది. రెండూ నిజమనిపించడం లేదు. నీ ఉత్తరం చదివే ఉన్నాను, వాళ్ళు ఒకరి మాట ఒకరు నేరుగా విననే లేదని తెలుసు. మహిపాల్ కలపొద్దంటుండగా, ఒకరికొకరు వడ్డించుకుంటారన్న మాట నా నోట్లోంచి వచ్చింది. అప్పుడు నా మనసులో ఫోటోయే ఉందా? ఎంత తవ్వినా తేలడం లేదు. మొదటిసారి, తేలకపోయినా నిద్ర పడుతోంది.

అన్నం గంట మళ్ళీ ఒకటే చేస్తూ నోటీసు టైపు చేశాను. ఇవాళ నా గోంగూర డబ్బా పట్టుకుని నేనూ వాళ్ళు తినే రేకుల పందిరి కిందికి వెళ్ళాను. ఇన్నేళ్ళూ ఆఫీసులో ఒక్కదాన్నే తినేదాన్ని. అయిజ వాళ్ళ కూర ఆత్మకూరు వాళ్ళ డబ్బాల్లోకి, వాళ్ళది వీళ్ళ డబ్బాల్లోకి పోతోంది. చిన్నమ్మ జరిగి చోటిచ్చింది. సత్యమ్మ వదల్లేదు. "గిప్పుడన్న చెప్పుండ్రి మేడం, మీరు ఏ షెడ్డు?"

ఇంకా తేల్చుకోలేదన్నాను.

"తేల్చుకోండ్రి తియ్యి, తొందరేం లేదు" అంది. "ముందుగాల గా పుంటికూర ఇటియ్యుండ్రి."

ఇచ్చాను. ఆదివారం సోమశిల రా. చిన్నమ్మని కూడా తీసుకురా. పడవలో ఎవరెటు కూర్చోవాలో ఈసారి నేను చెప్పను.

డబ్బా ఖాళీ చేసుకుని వచ్చిన,
నీ సుహాసిని