పాఠం అప్పజెప్పేది మీకే

ఆటోనగర్, విజయవాడ

అత్తయ్యగారికి వందనాలు. ఫోనులో మీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

మీ మనవరాలు హెప్సిబాకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎమ్మెస్సీ చదివిన నేను పక్కనే కూర్చున్నా పాఠం అప్పజెప్పదు. "నీకన్నీ తెలుసమ్మా, సగం చెప్పగానే ఊఁ అనేస్తావు. నానమ్మయితే వినపడక 'ఏంటీ?' అని మళ్ళీ మళ్ళీ చెప్పిస్తుంది. అలా చెబితేనే నాకు గుర్తుంటుంది" అంది. నిన్న గోడవైపు తిరిగి, మీకు చెబుతున్నట్టే కేకలేస్తూ సైన్సు పాఠం చెప్పుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీమీద కుళ్ళు కూడా పుట్టింది, దాచను.

మైలవరంలో ఈ ఏడు మామిడి పిందె నిలిచిందా? చింతకాయ పచ్చడి కాస్త తెండి. ప్రార్థనలో హెప్సిబాను తలుచుకోండి, నన్ను కూడా. శనివారం పొద్దున బస్సుకు తప్పకుండా రండి.

చెవి మిషను మాత్రం అక్కడే వదిలేసి రండి.

మీ కోడలు
శాలిని