పూత వేయని ఒక్క ఇటుక

చిరాగ్‌పల్లి, జహీరాబాద్

బాపూ,

ఫోన్‌లో నీకు మాట సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మా కుండల బట్టీ నిలబడింది, ఇక ఫికర్ చేయకు.

పోయినసారి వచ్చినప్పుడు మా కొత్త బట్టీ ఇటుకను గోరుతో గీకి, "గింత మెత్తదా? కుండల మెరుపుకని మీరు మంటల సల్లే సోడా దీన్ని చెదలు తిన్నట్టు తింటది" అన్నావు కదా. మా కార్ఖానా నడిపే నందినక్కకు కోపం రాలేదు. తెల్లమట్టిలో సోడాకు లొంగని అల్యూమినా పొడి కలిపి, గోడలు ముందు నీళ్లతో తడిపి, పలచగా పూత మీద పూత వేసింది. ఒక్క ఇటుకను మాత్రం కావాలనే పూయకుండా వదిలేసింది. "మీ బాపు మాట గూడ చూడాలె గద" అన్నది.

సోడా చల్లి కుండలు కాల్చి, నిన్న బట్టీ తెరిచాం. కుండలు మెరుస్తున్నాయి. పూసిన గోడలు చెక్కుచెదరలేదు. వదిలిన ఇటుక మాత్రం బెల్లం పాకంలా కరిగి కారింది. నందినక్క పనివాళ్లందరినీ పిలిచి దాన్ని చూపించింది. "పెద్దాయన చెప్పిందే నిజం. గందుకే పూత ఏసిన" అన్నది. తన పని నెగ్గిన రోజున ముందు నీ పేరెత్తింది బాపూ! ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నందుకు గర్వంగా ఉంది.

బర్రె ఈనిందా? మోకాలు చూపించుకోవడానికి దవాఖానకు పోయావా? వచ్చేటప్పుడు అమ్మనడిగి పచ్చజొన్నలు తే.

రావడం మాత్రం జల్ది రా. కరిగిన ఇటుక తీసి కొత్తది పెట్టాం గానీ, నందినక్క దానికి ఎవరినీ పూత వేయనివ్వడం లేదు. "పెద్దాయన చెయ్యి పడినంకనే బట్టీ ముట్టిస్త" అంటున్నది.

అమ్మకూ నీకూ దండాలు.

నీ బిడ్డ
బాలమణి