పచ్చి గోధుమల పొగ

గనాయిం అన్నయ్యకు చెల్లెలు సుతైత సలాములు. దేవుడి దయవల్ల అమ్మా నేనూ క్షేమం. డమాస్కస్ దండులో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. నడుస్తోంది, నడుస్తూ తిడుతోంది, కాబట్టి దిగులు పడకు. ఊరి ఆడవాళ్లలో చదువుకున్నది నేనొక్కదాన్నేనని ఊరందరి ఉత్తరాలూ నాచేతే రాయిస్తోంది.

లోయలో గోధుమ చేను తగలబెట్టారా అని అడిగావు. మీ రౌతు వచ్చి, పంట సముద్రం దాటి దండెత్తొచ్చిన పరంగుల పాలు కాకూడదు, ఇది దేవుడి ఆజ్ఞ అన్నాడు. అమ్మ అతని గుర్రం మెడ నిమిరి, "దీనికి బూడిద పెడతావా, నాయనా?" అని అడిగింది. అతను గుర్రాన్ని తిప్పుకుని కొండెక్కాడు. ఆ వారంలోనే పరంగుల కోట నుంచి ఒకడు వాగు అవతలి క్రైస్తవుల ఊరికి వచ్చి, పంట ముస్లింల పాలు కాకూడదు, కాల్చేయండి, ఇది దేవుడి ఆజ్ఞ అన్నాడట. చేను ఒక్కటే. తాతల నాటి నుంచి రెండు ఊళ్లూ కలిసి విత్తి, చెరిసగం పంచుకుంటున్నదే.

ఆడవాళ్లమంతా గట్టు మీద కలుసుకున్నాం. అవతలి ఊరి బర్బారా అత్త అమ్మతో, "ఇద్దరు దొరలకీ కావలసింది పొగే కదా, వదినా. పొగే పెడదాం," అంది.

కంకులింకా పచ్చివి. ఏటా కాసిని కోసి, ముళ్లకంప మంటలో కాల్చి, నలిపి దాచుకుంటాం కదా, ఈసారి చేనంతా అలాగే చేశాం. ఊక మాడింది, గింజ నిలిచింది. చివరికి తడిగడ్డికి నిప్పు పెట్టాం. నల్లటి పొగ చూసి పరంగుల కోటలో సంబరంగా గంట కొట్టారు. మీ రౌతు కొండ మీది నుంచే సంతోషించి వెనక్కి తిరిగాడు.

ఇక నీకు రాయాలా వద్దా అని ఇన్నాళ్లూ ఆపుకున్న సంగతి ఇది. మన సగం వాళ్ల చర్చిలో దాచాం, వాళ్ల సగం మన మసీదులో. అలా పెట్టమన్నది నేనే. ఒక ఊరిని దోచుకుంటే రెండో ఊరు పస్తుంటుంది. అందుకే ఇప్పుడు ఆ ఊరికి మేము కాపలా, మన ఊరికి వాళ్లు. శత్రువుతో చేతులు కలిపావంటావు. కలిపాను.

మీ దండు ఆ ఊరి మీద పడబోతోందని రాశావు. రండి. చర్చి గుమ్మంలో బర్బారా అత్త పక్కన అమ్మ కూర్చుని ఉంటుంది. లోపలి గింజలు ఎవరివో మీ నాయకుడికి నువ్వే చెప్పుకోవాలి.

ఇట్లు,
నీ మాట వినకపోయినా నీ మేలే కోరే చెల్లెలు,
సుతైత